వెబ్ పేజీ నుంచి వర్డ్‌లోకి అక్షరాలు మాత్రమే తెచ్చుకోవడం

నమస్కారం. వరంగల్‌లో ప్రాజెక్టు రాయమంటే సగం మంది రామప్ప దగ్గరికే వెళ్తారు. అందుకని ఈ వీడియోకు అదే తీసుకున్నాను. 1213 నాటి గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చిన సంగతి చెప్పే ఈ పేరాను వికీపీడియాలో కాపీ చేసి, వర్డ్‌లో కంట్రోల్ వి నొక్కుతున్నాను.

చూశారా? పైన నేను టైపు చేసిన వాక్యం నిర్మలా ఫాంటులో, నల్లగా ఉంది. కింద పడిన పేరాకు ఫాంటు వేరు, సైజు వేరు. పాలంపేట, గణపతిదేవుడు లాంటి పేర్లన్నీ నీలం రంగు లింకులు. దిద్దే సార్‌కు ఎక్కడి నుంచి తెచ్చారో ఇట్టే తెలిసిపోతుంది. మూలం పేరు రాయాల్సిందే, అది వేరే సంగతి.

ఇందులో వర్డ్ తప్పేమీ లేదు. మనం కాపీ చేయగానే బ్రౌజర్ ఆ పాఠాన్ని క్లిప్‌బోర్డులో, అంటే కాపీ చేసింది తాత్కాలికంగా ఉండే చోట, రెండు రకాలుగా పెడుతుంది. ఒకటి రంగులు, లింకులతో కూడిన హెచ్‌టీఎంఎల్ రూపం, రెండోది ఉత్త అక్షరాలు. ఏమీ చెప్పకపోతే వర్డ్ మొదటిదే తీసుకుంటుంది. రెండోది కావాలని మనం అడగాలి.

కంట్రోల్ జెడ్‌తో వెనక్కి వచ్చాను. ఇప్పుడు కంట్రోల్, షిఫ్ట్, వి. పేరా నా వాక్యంలో కలిసిపోయింది. కొత్త వర్డ్‌లోనూ గూగుల్ డాక్స్‌లోనూ ఇదే పద్ధతి. పాత వర్డ్ అయితే హోమ్‌లో పేస్ట్ కింది బాణం నొక్కి 'కీప్ టెక్స్ట్ ఓన్లీ' ఎంచుకోండి. లిబ్రే ఆఫీస్‌లో ఆల్ట్ కూడా కలిపి నొక్కాలి.

ఇదిగో, వికీపీడియా మూలాలను చూపే అంకెలు చదరపు బ్రాకెట్లలో మిగిలాయి. అవీ అక్షరాలే కాబట్టి పోవు. కంట్రోల్ హెచ్ నొక్కి, మోర్‌లో 'యూజ్ వైల్డ్‌కార్డ్స్' టిక్ పెట్టి, వెతికే పెట్టెలో \[[0-9]@\] అని టైపు చేయండి. కింది పెట్టె ఖాళీగా వదిలి 'రీప్లేస్ ఆల్' నొక్కండి. అన్నీ ఒకేసారి పోయాయి.

ఇప్పటికే రంగులతో అతికించేశారా? ఆ పేరా సెలెక్ట్ చేసి కంట్రోల్ షిఫ్ట్ ఎఫ్9 నొక్కితే లింకులు ఊడిపోతాయి. తర్వాత కంట్రోల్ స్పేస్ నొక్కితే ఫాంటు, రంగు సర్దుకుంటాయి. పట్టికలు మాత్రం మామూలుగానే అతికించుకోండి. ఉత్త అక్షరాలుగా తెస్తే గడులు పోయి వరసలు చెదిరిపోతాయి.

ఒక్కచోట ఈ పద్ధతి బెడిసికొడుతుంది. హనుమకొండలో ఏ డీటీపీ సెంటర్ నుంచో అను ఫాంట్లలో కొట్టిన ఫైలు తెచ్చుకున్నారనుకోండి. అందులో ఉన్నది యూనికోడ్ తెలుగు, అంటే వెబ్ పేజీల్లో, ఫోన్లలో వాడే తెలుగు కాదు. లోపల ఇంగ్లిషు అక్షరాలు, గుర్తులే ఉంటాయి, వాటికి తెలుగు రూపం ఇచ్చేది ఆ ఫాంటే. ఫాంటు వదిలేసి అతికిస్తే అర్థం లేని గుర్తులు మిగులుతాయి. అలాంటి ఫైలును ముందు అను నుంచి యూనికోడ్‌కు మార్చే కన్వర్టర్‌లో వేయండి. మార్చాక ఒత్తులు ఒకసారి సరిచూసుకుని, అప్పుడు కంట్రోల్ షిఫ్ట్ వి నొక్కండి.