ఎం.ఎస్. ఉన్నవారిలో కుంగుబాటు: ఇంటి నుంచే, ఫోను సాయంతో చేసుకోగల చికిత్స

సభకు నమస్కారం. శ్రీకాకుళం, విజయనగరం, పార్వతీపురం మన్యం జిల్లాల నుంచి ఈ ఉక్కపోతలో ప్రయాణం చేసి వచ్చిన మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎం.ఎస్.) ఉన్న సోదరీ సోదరులకు, వారి వెంట వచ్చిన కుటుంబ సభ్యులకు నా కృతజ్ఞతలు. మల్టిపుల్ స్క్లెరోసిస్ గురించి మాట్లాడేటప్పుడు మనం ముందుగా నడక గురించి, చూపు గురించి, తిమ్మిర్ల గురించి, ఇంజెక్షన్ల ఖర్చు గురించి మాట్లాడతాం. మనసు సంగతి చివరన, అదీ సమయం మిగిలితే, ప్రస్తావిస్తాం. ఈ రోజు మనసు సంగతి ఒక్కటే మాట్లాడతాను.

ఎం.ఎస్. అంటే శరీరాన్ని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే మెదడు, వెన్నుపాము, కంటి నరాలలోని నరాల పోగుల చుట్టూ ఉండే మైలిన్ అనే రక్షణ పొరను దెబ్బతీసే వ్యాధి. ఇది ఎక్కువగా 20 నుంచి 40 ఏళ్ల మధ్య, అంటే పెళ్లి, ఉద్యోగం, పిల్లలు అన్నీ మొదలయ్యే వయసులో బయటపడుతుంది. పురుషుల కంటే స్త్రీలలో రెండు మూడు రెట్లు ఎక్కువ. ప్రపంచం మొత్తం మీద దాదాపు 28 లక్షల మంది ఈ వ్యాధితో జీవిస్తున్నారని 2020లో లెక్కగట్టారు. వీరిలో కుంగుబాటు, అంటే డిప్రెషన్, సాధారణ జనంలో కంటే చాలా ఎక్కువ. వివిధ దేశాల్లో జరిగిన పరిశోధనలను కలిపి చూస్తే, ఏ సమయంలోనైనా సుమారు ముప్ఫై శాతం మందిలో అది కనిపిస్తుంది. జీవితకాలంలో ఎప్పుడో ఒకప్పుడు దానికి లోనయ్యేవారు దాదాపు సగం మంది ఉంటారని అంచనా.

ఇంత ఎక్కువగా ఉన్నా దీనికి వైద్యం అందేది కొద్దిమందికే. దానికి కారణం మందులు లేకపోవడం కాదు. మన ఇళ్లలో అందరూ ఎంతో ప్రేమతో అనే ఒక మాట అందుకు కారణం: "ఇంత జబ్బు వచ్చాక బెంగ పెట్టుకోరా మరి? ఏటి సేత్తాం!" వినడానికి ఇది సానుభూతిగానే ఉంటుంది. కానీ ఆ మాటతో కుంగుబాటు ఒక సహజ పరిణామంగా, భరించవలసిన విషయంగా మారిపోతుంది. చాలాసార్లు డాక్టర్లు కూడా అలాగే అనుకుంటారు. కారణం అర్థమవుతున్నంత మాత్రాన వైద్యం అక్కరలేదనుకోవడం సరికాదు. కాలు ఎందుకు విరిగిందో మనకు తెలుసు, అయినా కట్టు కట్టిస్తాం కదా.

పైగా ఈ కుంగుబాటు కేవలం దుఃఖం నుంచి పుట్టేది కాదు. మెదడులో భావోద్వేగాలను నడిపే భాగాలు దెబ్బతినడం వల్ల, వ్యాధిలోని వాపు ప్రక్రియ వల్ల కూడా వస్తుంది. రిలాప్స్ వచ్చినప్పుడు, అంటే వ్యాధి తిరగబెట్టినప్పుడు, ఎక్కువ మోతాదులో ఇచ్చే స్టెరాయిడ్లు కొందరిలో నిద్రను, మనఃస్థితిని తారుమారు చేస్తాయి. అందువల్లనే వైకల్యం ఎంత ఉందో కుంగుబాటు అంత ఉంటుందన్న లెక్క కుదరదు. చక్కగా నడుస్తూ ఉద్యోగానికి వెళ్లే మనిషి లోలోపల పూర్తిగా కుంగిపోయి ఉండవచ్చు, చక్రాల కుర్చీలో ఉన్న మనిషి నిబ్బరంగా ఉండవచ్చు. కుంగుబాటును పట్టించుకోకపోతే మిగతా వైద్యం కూడా దెబ్బతింటుంది. మనసు చెదిరిన మనిషి ఇంజెక్షన్లు మానేస్తాడు, వ్యాయామం మానేస్తాడు, డాక్టరు దగ్గరకు వెళ్లడం మానేస్తాడు.

గుర్తించడంలో ఒక చిక్కు ఉంది. అలసట, నిద్ర పట్టకపోవడం, ఏకాగ్రత తగ్గడం అనేవి కుంగుబాటులోనూ ఉంటాయి, ఎం.ఎస్.లోనూ ఉంటాయి. అందుకని కుంగుబాటును కొలిచే మామూలు ప్రశ్నావళి ఎం.ఎస్. ఉన్నవారికి ఇస్తే, వ్యాధి లక్షణాల వల్లే కొన్ని మార్కులు ఎక్కువ వస్తాయి. కాబట్టి నేను ముఖ్యంగా రెండు విషయాలు అడుగుతాను. గత రెండు వారాలుగా దేని మీదా ఆసక్తి, సంతోషం లేకుండా ఉందా? దిగులుగా, నిస్పృహగా అనిపిస్తోందా? వీటిలో ఒక్కదానికైనా "చాలా రోజులు అలాగే ఉంది" అన్న జవాబు వస్తే ఆగి వివరంగా మాట్లాడాలి. ఎం.ఎస్. అలసట సాధారణంగా పొద్దు ఎక్కేకొద్దీ, ఎండ ముదిరేకొద్దీ పెరుగుతుంది. కుంగుబాటు చాలామందిని నిద్ర లేచిన వెంటనే పట్టుకుంటుంది. "చేయాలని ఉంది, ఒంట్లో శక్తి లేదు" అన్నది ఒక తీరు. "చేసి మాత్రం ఏం లాభం" అన్నది మరొక తీరు. మరో మాట కూడా ఇక్కడే చెప్పాలి. కారణం లేకుండా ఆపుకోలేని ఏడుపు గానీ నవ్వు గానీ వస్తే అది కుంగుబాటు కాకపోవచ్చు. అది ఎం.ఎస్.లో కొందరికి వచ్చే వేరే సమస్య, దానికి వేరే చికిత్స ఉంది.

ఇక చికిత్స విషయానికి వస్తాను. మందులు ఉన్నాయి, అవి పనిచేస్తాయి, వాటికి భయపడనవసరం లేదు. వాటితో పాటు, తేలికపాటి, మధ్యస్థ కుంగుబాటులో కొందరికి వాటి అవసరం లేకుండానే, పనిచేసేది మాటల ద్వారా సాగే చికిత్స. ఆలోచనలకు, పనులకు, మనఃస్థితికి మధ్య ఉన్న ముడిని గుర్తించి దానిని సడలించే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ అందులో ప్రధానమైనది. అయితే దానికి వారం వారం కూర్చోవాలి. ఇచ్ఛాపురం నుంచో, సాలూరు నుంచో విశాఖపట్నానికి ప్రతి వారం బస్సులో వెళ్లి రావడం ఆరోగ్యవంతులకే కష్టం. దారిలో మూత్రానికి ఎక్కడ ఆగాలో తెలియని, వేడి తగిలితే కాళ్లు సడలిపోయే ఎం.ఎస్. రోగికి అది దాదాపు అసాధ్యం. శ్రమ చేస్తే చూపు తాత్కాలికంగా తగ్గడాన్ని ఉథాఫ్ అనే జర్మన్ నేత్రవైద్యుడు 1890లోనే వర్ణించాడు, దానికి కారణం ఒంటి వేడి పెరగడమని తరవాత తేలింది. మే నెలలో మన తీరప్రాంతపు ఉక్క దానిని ప్రతి రోగికీ మళ్లీ చూపిస్తుంది.

ఈ ప్రయాణ భారాన్ని తప్పించే ప్రయత్నాలు చాలాకాలంగా జరుగుతున్నాయి. 2005లో అమెరికాలో కుంగుబాటు ఉన్న 127 మంది ఎం.ఎస్. రోగులకు 16 వారాల పాటు పూర్తిగా టెలిఫోను మీదే చికిత్స చేసి, అది కుంగుబాటును తగ్గిస్తుందని ప్రచురించారు. 2015లో జర్మనీలో 90 మందితో జరిగిన పరిశోధనలో ఇంటర్నెట్ కార్యక్రమాన్ని పరీక్షించారు. రోగి తెర మీద వచ్చే మాటలు చదివి, తనకు సరిపోయే జవాబు ఎంచుకుంటాడు. దాని ప్రకారం తరవాతి పాఠం మారుతుంది. తొమ్మిది వారాల తరవాత ఆ కార్యక్రమం వాడినవారిలో కుంగుబాటు తగ్గింది. దానినే ఎం.ఎస్. ఉన్నవారికి తగినట్టు మార్చి, జర్మనీ, అమెరికాలలో 279 మందితో చేసిన పెద్ద పరిశోధన 2023లో వెలువడింది. కొందరు ఒంటరిగా ఆ కార్యక్రమాన్ని వాడారు, కొందరికి చికిత్సకుడి ఈమెయిళ్ల తోడు కూడా ఉంది. పన్నెండు వారాల తరవాత, చికిత్స కోసం ఇంకా వేచి ఉన్నవారి కంటే ఈ రెండు గుంపుల్లోనూ కుంగుబాటు తగ్గింది. ఆ రెండు గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

అన్ని ఫలితాలూ ఇలాగే లేవని కూడా మీకు చెప్పాలి. నెదర్లాండ్స్‌లో 171 మందితో చేసిన మరో పరిశోధనలో, సమస్యా పరిష్కారం నేర్పే ఇంటర్నెట్ చికిత్స తీసుకున్నవారూ మెరుగుపడ్డారు, దాని కోసం వేచి ఉన్నవారూ అంతే మెరుగుపడ్డారు. అంతకు ముందు ఇంగ్లండులో, అందరికీ ఒకేలా తయారుచేసిన కంప్యూటరు కార్యక్రమాన్ని ఎం.ఎస్. ఉన్నవారి చేత వాడించినప్పుడు, తమ శరీర లక్షణాలను అది పట్టించుకోవడం లేదని వారు చెప్పారు. ఆ మాటకు నేను చాలా విలువ ఇస్తాను. "లేచి నడవండి, చురుకుగా ఉండండి, మీ ఆలోచనే మిమ్మల్ని ఆపుతోంది" అని ఒక యాప్ చెప్తే, నిజంగానే కాలు ఈడ్చుకుంటూ నడిచే మనిషి ఏమనుకోవాలి? తన బాధను అబద్ధం అంటున్నారనుకుని దానిని మూసివేస్తాడు. ఎం.ఎస్. ఉన్నవారి ఆలోచనల్లో కొన్ని అతిగా భయపడేవి, కొన్ని నిజమైనవి. మంచి కార్యక్రమం ఆ రెండింటినీ విడదీయడం నేర్పుతుంది.

అలాంటి కార్యక్రమం మూడు భాగాలుగా ఎలా సాగుతుందో ఒక ఉదాహరణ ఊహించుకుని చూద్దాం. మొదటిది ఆలోచనలను రాసుకుని పరిశీలించడం. ఆమదాలవలసలో ఉండే ఒక ఉపాధ్యాయురాలు. ఒక రోజు చేతిలోంచి అన్నం గిన్నె జారిపోయింది. "నేను ఎందుకూ పనికిరాను, అత్తగారికి బరువైపోయాను" అన్న ఆలోచన వచ్చి రోజంతా పడుకుండిపోయింది. కార్యక్రమం ఆమెను జరిగినదీ, వచ్చిన ఆలోచనా, కలిగిన బాధా వేరువేరుగా రాయమంటుంది. చేతికి పట్టు తగ్గిందన్నది నిజం, దానికి ఫిజియోథెరపీ ఉంది, తేలికైన గిన్నెలు ఉన్నాయి. ఎందుకూ పనికిరానన్నది నిజమా? నిన్న సాయంత్రం మూడో తరగతి పిల్లకు ఎక్కాలు నేర్పింది ఎవరు? అలా రాసుకుంటూ పోతే పది పన్నెండు రోజుల్లో తన ఆలోచనలు ఏ దారిలో పడిపోతున్నాయో ఆమెకే కనబడుతుంది. నాకు ఎన్నో ఏళ్లుగా అర్థమైనది ఏమిటంటే, ఇది ఇతరులు చెప్తే ఎక్కదు, తన చేత్తో రాసుకుంటే ఎక్కుతుంది.

రెండో భాగం పనులను తిరిగి మొదలుపెట్టడం. కుంగుబాటు వస్తే ఇష్టమైన పనులు ఒక్కొక్కటీ మానేస్తాం, మానేసినకొద్దీ కుంగుబాటు పెరుగుతుంది. ఎం.ఎస్.లో దీనికి తోడు శక్తిని పొదుపుగా ఖర్చు పెట్టాలి. ఆమెకు అరసవిల్లి వెళ్లాలని ఉంటుంది. ఆదివారం రద్దీలో, మధ్యాహ్నం వేళ, క్యూలో నిలబడి కళ్లు తిరిగి, ఇక జన్మలో వెళ్లనని నిర్ణయించుకుంటుంది. అదే మంగళవారమో బుధవారమో తెల్లవారుజామున, కర్ర పట్టుకుని, తోడుగా ఒకరిని తీసుకుని వెళ్లి, వచ్చాక రెండు గంటలు విశ్రాంతి తీసుకునేలా ముందే కాగితం మీద రాసుకుంటే ఆ ప్రయాణం సాధ్యమవుతుంది. పని కంటే ముందే విశ్రాంతిని ప్రణాళికలో పెట్టడం చాలామందికి కొత్త. మన ఇళ్లలో ఆడవాళ్లు అన్ని పనులూ అయిపోయాక మిగిలిన సమయంలోనే విశ్రాంతి తీసుకుంటారు, ఆ సమయం ఎప్పుడూ మిగలదు. ఇంట్లోవాళ్లు ఈ విషయంలో అడ్డుపడకుండా ఉంటే చాలు, చికిత్స సగం సాగినట్టే.

మూడో భాగం పెద్ద బెంగను చిన్న పనులుగా విడగొట్టడం. "రేపు నన్ను ఎవరు చూస్తారు" అన్నది ఒక రాత్రిలో తేలే ప్రశ్న కాదు. కానీ అందులో "డబ్బు" అన్న భాగం ఉంది, అందులో "వికలాంగ ధ్రువపత్రం" అన్న పని ఉంది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాలలో మల్టిపుల్ స్క్లెరోసిస్ ఒకటి. కాబట్టి ఈ వారం చేయవలసింది గ్రామ సచివాలయానికి వెళ్లి, వైకల్యాన్ని నిర్ధారించే సదరం పరీక్షకు స్లాటు గురించి అడగడం, అంతే. మిగతా బెంగను ఈ వారానికి పక్కన పెట్టవచ్చు.

మన ప్రాంతానికి ఇవి ఎలా అందాలన్న ప్రశ్న మిగిలింది. నేను చెప్పిన పరిశోధనలు ఏవీ తెలుగువారితో చేసినవి కావు. ఎం.ఎస్.లో చాలామందికి చూపు మసకబారుతుంది, ఆలోచన వేగం తగ్గుతుంది. అలాంటివారికి పేజీల కొద్దీ చదివించే కార్యక్రమం పనికిరాదు. పెద్ద అక్షరాలు, పది నిమిషాలకు మించని పాఠాలు, మన యాసకు దగ్గరగా చదివి వినిపించే గొంతు, ఆగిన చోటు నుంచే మళ్లీ మొదలుపెట్టే వీలు కావాలి. ఒకసారి డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా నడవాలి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు తీరం దాటినప్పుడు కరెంటు లేక, ఫోన్లు పనిచేయక ఎన్ని ఊళ్లు ఎన్నాళ్లు అల్లాడాయో ఇక్కడున్నవారికి వేరే చెప్పనక్కరలేదు. కనుక నోట్‌బుక్కు, పెన్ను కూడా ఈ చికిత్సలో భాగం కావాలి.

ఫోను గురించి ఒక ఇబ్బంది ఉంది. ఇంట్లో ఒకే ఫోను, అది కొడుకు చేతిలోనో, భర్త చేతిలోనో ఉంటే, "ఇవాళ చచ్చిపోవాలనిపించింది" అని అందులో ఎవరు నిజం రాస్తారు? తాళం వేసుకునే వీలు ఉండాలి, రాసినది ఎక్కడికి పోతుందో అర్థమయ్యే తెలుగులో చెప్పాలి. కుటుంబ సభ్యులకు నా మనవి: ఆ ఫోను రోజుకు అరగంట ఆమెకు వదిలేయండి, తరవాత తెరిచి చూడకండి.

స్వయంగా చేసుకునే చికిత్సకు హద్దు కూడా ఉంది. ఎం.ఎస్. ఉన్నవారిలో ఆత్మహత్య ప్రమాదం సాధారణ జనంలో కంటే ఎక్కువ, కొన్ని పరిశోధనల్లో అది దాదాపు రెండింతలు. చనిపోవాలన్న ఆలోచన వస్తున్నా, తిండి, నిద్ర పూర్తిగా పోయినా, వేరెవరికీ వినపడని గొంతులు వినిపిస్తున్నా, యాప్ పక్కన పెట్టి మానసిక వైద్యుణ్ణి కలవాలి. 2022 అక్టోబరు 10న కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సహాయ కేంద్రం 14416 నంబరులో రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. ఆ నంబరు రోగి ఫోనులోనూ, ఇంట్లో మరొకరి ఫోనులోనూ రాసి పెట్టుకోండి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించినవారిని తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నవారిగానే భావించాలి. కాబట్టి పోలీసు కేసు అవుతుందన్న భయంతో ఆసుపత్రికి తీసుకురావడం ఆపకండి. ఇప్పటికే మందులు వాడుతున్నవారు పాఠాలు మొదలుపెట్టామని మందులు మానకండి.

వైద్యులకు, ఆరోగ్య శాఖ అధికారులకు నా కోరికలు రెండు. ఎం.ఎస్. రోగి మందులు రాయించుకోవడానికి వచ్చిన ప్రతిసారీ, కాలి బలం పరీక్షించినట్టే, నేను ముందు చెప్పిన రెండు ప్రశ్నలూ అడిగి చీటీలో రాయండి. రెండోది, ఫోను ద్వారా సాగే ఇటువంటి చికిత్సను తెలుగులో, ఈ మూడు జిల్లాల రోగులను కూర్చోబెట్టి, వారి మాటలతోనే తయారుచేసి, పనిచేస్తుందో లేదో నిజాయితీగా పరీక్షించండి. ఈ రోజు ఇక్కడికి వచ్చినవారిలో తమ పేర్లు ఇచ్చి ఆ పనిలో పాల్గొనడానికి సిద్ధంగా ఉన్నవారు, సభ ముగిశాక నా దగ్గరకు రావలసిందిగా కోరుతున్నాను. నమస్కారం.