డాక్టరు గారికి చెప్పని కషాయం

అందరికీ నమస్కారం. ఈ సభలో ఉన్నవారిలో చాలామంది క్యాన్సర్‌కు కీమో, రేడియేషన్ దాటి వచ్చినవారు. మిగతావారు వాళ్లను చేయిపట్టి దాటించినవారు. ఆయుర్వేదం గొప్పదా, ఇంగ్లీషు మందు గొప్పదా అనే పంచాయితీ పెట్టడానికి నేను రాలేదు. అది టీవీ చర్చలకు బాగుంటుంది.

చికిత్స ముగిశాక ఏమవుతుందో నాకన్నా మీకే బాగా తెలుసు. నిన్నటిదాకా రోజూ ఆస్పత్రే ఇల్లు. ఇప్పుడేమో “మూడు నెలల తర్వాత రండి” అంటారు. ఆ మూడు నెలలూ కంటికి కునుకుండదు. మళ్లీ తిరగబెడితే? సరిగ్గా అప్పుడే పెద్దమ్మ లక్ష్మణ ఫలం పంపుతుంది, ఎదురింటాయన గోధుమగడ్డి రసం తాగమంటాడు, వాట్సాప్‌లో తిప్పతీగ కషాయం వస్తుంది. నీరసానికి, నిద్రపట్టకపోవడానికి, అరికాళ్ల తిమ్మిర్లకు మా డాక్టర్ల దగ్గర “మామూలేనమ్మా” అన్న మాట తప్ప ఇంకేమీ దొరకనప్పుడు, మీరు ఇంకో గుమ్మం ఎక్కారంటే నేను ఆశ్చర్యపోను.

ఆ గుమ్మాల్లో మంచివీ ఉన్నాయి. అమెరికాలో చికిత్స ముగించుకున్న 410 మందిపై జరిపిన పరీక్షలో, నాలుగు వారాలు యోగా చేసినవారికి నిద్ర మెరుగుపడిందని 2013లో ప్రచురించారు. రొమ్ము క్యాన్సర్ మాత్రల వల్ల వచ్చే కీళ్ల నొప్పులకు ఆక్యుపంక్చర్ కొంత ఉపశమనం ఇస్తుందని 2018లో మరో పరీక్ష చూపింది. వీటిని ఎవరైనా అడిగితే నేనే సరేనంటాను.

నా భయమల్లా నోట్లోకి వెళ్లేవాటి గురించే. ఓపీలో రోజూ చూసే దృశ్యం ఒకటి చెబుతాను. రొమ్ము క్యాన్సర్ మాత్ర టామోక్సిఫెన్ వాడుతున్న ఒకావిడను “ఇంకేమైనా వాడుతున్నారా అమ్మా?” అని అడుగుతాను. ఆవిడ భర్త వైపు చూస్తుంది. ఆయన “ఏమీ లేదండీ డాక్టర్ గారూ” అంటాడు. సంచిలోంచి ఫైలు తీస్తుంటే పసుపు క్యాప్సూళ్ల డబ్బా బల్ల మీద దొర్లుతుంది. దాని మీద “మిరియాల సారంతో” అని పెద్ద అక్షరాలు.

పప్పులో వేసే చిటికెడు పసుపు గురించి కాదు నా బాధ. టామోక్సిఫెన్‌ను మన కాలేయం ఎండాక్సిఫెన్‌గా మారుస్తుంది. ఎక్కువ పని చేసేది అదే. నెదర్లాండ్స్‌లో కొద్దిమంది రోగులపై చేసి 2019లో ప్రచురించిన అధ్యయనంలో, పసుపులోని కర్క్యుమిన్‌ను మిరియాల సారంతో పెద్ద మోతాదులో ఇచ్చినప్పుడు రక్తంలో ఎండాక్సిఫెన్ సుమారు 12 శాతం తగ్గింది. అందరికీ అది పెద్ద లెక్క కాకపోవచ్చు. ఎండాక్సిఫెన్ అసలే తక్కువగా, అంచున ఉన్నవారికి మాత్రం పెద్దదే. తిప్పతీగ సంగతీ అంతే. కోవిడ్ రోజుల్లో దాన్ని వాడినవారిలో కాలేయం దెబ్బతిన్న కేసులను ముంబై వైద్యులు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. వారి వాదన ఎలా ఉన్నా, కీమో మధ్యలో కాలేయ పరీక్ష తేడాగా వస్తే మేం కీమోనే అనుమానించి తర్వాతి డోసు ఆపుతాం. కషాయం మాట ఫైల్లో ఉండదు కదా.

“విటమిన్లే కదా” అనేవారికి మన భీమవరం మనిషి కథ చెప్పాలి. యల్లాప్రగడ సుబ్బారావు గారు మద్రాసు ఆయుర్వేద కళాశాలలో పాఠాలు చెప్పి అమెరికా వెళ్లారు. అక్కడ లెడర్లీ అనే మందుల సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లం అనే విటమిన్‌ను తయారుచేసింది. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ ఆ కోవకు చెందిన పదార్థాలను లుకేమియా, అంటే రక్త క్యాన్సర్ ఉన్న పిల్లలకు ఇచ్చి చూస్తే, జబ్బు తగ్గకపోగా ఊపందుకున్నట్టు కనిపించింది. బలానికని ఇచ్చింది జబ్బుకే బలమైంది! అలాగైతే దాన్ని అడ్డుకునే మందు ఇస్తే ఏమవుతుందనుకున్నారు. సుబ్బారావు గారి బృందమే అందించిన అమినోప్టెరిన్‌తో కొందరు పిల్లల్లో జబ్బు తాత్కాలికంగానైనా వెనక్కి తగ్గిందని ఫార్బర్ 1948లో ప్రకటించారు. దాని దగ్గరి చుట్టమైన మెథోట్రెక్సేట్ అనే కీమో మందును ఇప్పటికీ వాడుతున్నాం. ఆయుర్వేద కళాశాల మెట్లెక్కిన మనిషి కీమోథెరపీకి పునాది రాయి వేశారు. ఏ వైద్యం వైపు నిలబడి మాట్లాడేవారైనా ఈ సంగతి ఒకసారి తలుచుకోవాలి.

ఇంకో లెక్క ఉంది. అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2018లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు చికిత్సతో పాటు ఇతర వైద్యం కూడా తీసుకున్నవారికి మరణ ముప్పు రెట్టింపుగా తేలింది. మూలికలే చంపాయని కాదు. వారిలో 34 శాతం మంది కీమో వద్దన్నారు, మిగతావారిలో అలా అన్నది 3 శాతమే. ఆ నిరాకరణలను లెక్కలోకి తీసుకున్నాక తేడా దాదాపు చెరిగిపోయింది. ఆపరేషన్ చేయించుకుని “ఇక చాలు, మిగతాది కషాయం చూసుకుంటుంది” అనుకోవడంలోనే ప్రమాదమంతా ఉంది.

మా వైద్యులకూ ఒక మాట. రోగి నోరు విప్పగానే “అవన్నీ మానెయ్” అని కసిరితే, మానేసేది కషాయం కాదు, మనకు చెప్పడం. ఏం వాడుతున్నారు, ఎంత, ఎప్పటినుంచి అని అడిగి రాసుకోవడానికి రెండు నిమిషాలు పడుతుంది.

అమెరికాలోని పిల్లలు తెచ్చే సీసాల సంగతి మరిచిపోయాను. వాటిలో సెయింట్ జాన్స్ వర్ట్ అనే మూలిక పేరు రాసి ఉంటే ముందు పక్కన పెట్టండి. ఇరినోటెకాన్ అనే కీమో మందు వాడేవారి రక్తంలో ఆ మందు అసలు పనిచేసే రూపాన్ని ఈ మూలిక 42 శాతం తగ్గించినట్టు ఒక చిన్న అధ్యయనంలో తేలింది. ఇవాళ సంచిలో డబ్బాలు, పొట్లాలు తెచ్చినవారు ఉంటే, వెనక బల్ల దగ్గర మా ఫార్మసిస్టు కూర్చున్నారు. భోజనాలకు వెళ్లేముందు ఒక్కసారి చూపించి వెళ్లండి.