మా సకినానికి నీళ్లంటే భయం లేదు

(ఇంటి వాకిలి. వెనకాల నల్లా, పక్కన స్టీలు బకెట్, ఎర్ర మగ్గు.)

నమస్తే. ఆ మంచం కింద రెండు కళ్లు కనిపిస్తున్నాయా? అదే మా సకినం. బయటికి వచ్చినప్పుడు తోక చూడండి, పేరు ఎందుకు పెట్టామో తెలుస్తుంది. సంక్రాంతికి చుట్టే సకినం లెక్కనే ఉంటుంది. ఊరకుక్కే, నల్గొండలో మా గల్లీలోనే పుట్టింది, ఇప్పుడు మూడేళ్లు. నేను ఇంకా నల్లా కూడా తిప్పలేదు. స్నానం చేయిద్దామని మగ్గు ముట్టుకున్నాను, అంతే, మంచం కిందికి పోయింది.

ఇంటికి వచ్చినవాళ్లంతా దీన్ని చూసి ఒకటే మాట అంటారు: "దానికి నీళ్లంటే భయం." ఈ మాట వింటే నాకు ఒళ్లు మండుతుంది. మొన్న పొద్దున ఇదే కుక్కను పానగల్లు ఉదయసముద్రం చెరువు కట్టకు తీసుకుపోయాను. ఒడ్డున కొంగ కనిపించింది. అంతే, ఉరికి పొట్ట మునిగేదాకా నీళ్లలోకి దిగింది. పిలిస్తే వెనక్కి చూడలేదు. నీళ్లకు భయపడే కుక్క చేసే పనేనా అది?

ఒకసారి కుంకుడుకాయ గుర్తు తెచ్చుకోండి. దీపావళి పొద్దున చీకటితోనే లేపి, పీట మీద కూర్చోబెట్టి, తల వంచి నాయనమ్మ రుద్దుతుంటే ఆ రసం కంట్లో పడేది. మా తమ్ముడు, ఇదిగో ఇప్పుడు కెమెరా పట్టుకున్నాడు చూడండి, వీడే, ఆ రోజు మిద్దె ఎక్కి ట్యాంకు వెనకాల దాక్కునేవాడు. మరి వీడికి నీళ్లంటే భయమా? ఎండాకాలం సెలవుల్లో ఊళ్లో బావిలో దిగితే మళ్లీ ఎక్కేవాడు కాదు, కళ్లు ఎర్రబడి పెదాలు నల్లబడేదాకా ఈతే. వీడి భయం నీళ్లు కాదు. కుంకుడు రసం.

కుక్కకూ అట్లాంటి కుంకుడు రసం ఒకటి ఉంటుంది. ఒక్కో కుక్కకు ఒక్కోటి. అదేంటో పట్టుకోకుండా ఏ షాంపూ కొన్నా డబ్బులు దండగ.

అంతకంటే ముందు ఇంకో మాట. "నీళ్లకు భయపడుతోంది, పిచ్చి పట్టిందేమో" అని మా పక్కింటి పెద్దమ్మ మమ్మల్ని ఒక వారం హడలగొట్టింది. రేబిస్ వచ్చిన మనిషికి నీళ్లు మింగబోతే గొంతు కండరాలు బిగుసుకుంటాయి, అందుకే నీళ్లు చూస్తేనే వణుకుతాడు. అది మనుషుల్లో కనిపించే లక్షణం. రేబిస్ వచ్చిన కుక్కలో మామూలుగా అట్లా ఉండదు. దాని గుర్తులు వేరే: ఉన్నట్టుండి స్వభావం మారడం, దవడ వేలాడటం, చొంగ కారడం, కాళ్లు తడబడటం, కనిపించిన దాన్నల్లా కరవడం. స్నానమంటే మంచం కింద దూరి, అన్నం గిన్నె చప్పుడు కాగానే బయటికి వచ్చే కుక్కకు పిచ్చి లేదు. ఏడాదికోసారి టీకా వేయించండి, చాలు. ఏ కుక్క అయినా కరిస్తే మాత్రం గాయాన్ని సబ్బుతో, పారే నీళ్లతో 15 నిమిషాలు కడిగి వెంటనే ఆసుపత్రికి పోండి. పసరు, కారం, సున్నం ఏమీ పెట్టకండి.

సరే, మా సకినం కుంకుడు రసం ఏంటి? నాకు తెలియడానికి ఏడాది పట్టింది. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, మొదటిసారి నేను దాన్ని జామచెట్టుకు గొలుసుతో కట్టి రెండు బకెట్లు గుమ్మరించాను. "రెండుసార్లు పోస్తే అదే అలవాటైతది" అని ఎవరో చెబితే విన్నాను. అలవాటు కాలేదు. రెండు రోజులు తిండి ముట్టలేదు, ఎర్ర మగ్గు కనిపిస్తే చాలు పరుగే. ఎరుపు రంగుకు భయపడుతోందనుకుని నీలం మగ్గు కొన్నాను. తర్వాత తెలిసింది, కుక్కకు ఎరుపు మనకు కనిపించినట్టు కనిపించదు, ముదురు మట్టి రంగులా ఉంటుందట. దానికి తేటగా తెలిసేవి నీలం, పసుపు. అంటే నేను దానికి భయాన్ని ఇంకా బాగా కనిపించే రంగులో కొనిచ్చానన్నమాట!

అసలు దొంగ ఇది. వినండి.

(బకెట్ పిడి వదులుతాడు. ఖణేల్‌మని చప్పుడు.)

చూశారా, మంచం కింద ఇంకా లోపలికి జరిగింది. ఇదీ దాని కుంకుడు రసం. మనిషి చెవికి 20,000 హెర్ట్జ్ దాటితే వినపడదు, కుక్క 45,000 దాకా వింటుంది. మనకు ఖణేల్ అన్నది దానికి ఇంకెట్లా వినిపిస్తుందో. పైగా ఆ చప్పుడు తర్వాతే గొలుసు, గొలుసు తర్వాతే మొహం మీద చన్నీళ్లు. రాత్రి వంటింట్లో కుంకుళ్లు కొడుతున్న చప్పుడు వింటే మా తమ్ముడికి అప్పుడే కడుపులో తిప్పేది, అట్లాగన్నమాట. తెల్లారి జరగబోయేది రాత్రే తెలిసిపోయేది.

మీ కుక్కకు ఇంకోటి కావచ్చు. మన ఇళ్లల్లో ఎక్కువగా కనిపించేది ఇదిగో, ఈ షాబాదు బండ. తడిస్తే మనకే కాలు జారుతుంది. కుక్క గోళ్లతో నేలను పట్టుకుని నిలబడుతుంది, నున్నటి బండ మీద గోరు దిగదు. నాలుగు కాళ్లూ నాలుగు దిక్కులకు పోతాయి. మనమేమో అది మొండికేస్తోందనుకుంటాం. ఒక గోనె సంచి పరచండి. నేను చెప్పే మొత్తంలో ఒక్కటే చేస్తానంటే ఇదొక్కటి చేయండి. సకినం విషయంలో సగం గొడవ గోనె సంచితోనే పోయింది.

కొన్నిటికి మొహం మీద నీళ్లు పడితే భయం. కొన్నిటికి కట్టేస్తే భయం. వయసైన కుక్క ఇన్నేళ్లూ బాగానే ఉండి ఇప్పుడు కొత్తగా గింజుకుంటోందంటే కీళ్లు నొస్తున్నాయేమో, డాక్టరుకు చూపించండి. ఇంకోటి మన దగ్గర ప్రత్యేకం: ఏప్రిల్‌లో మధ్యాహ్నం మిద్దె మీది నల్ల ట్యాంకు నీళ్లు. చేయి పెట్టలేం. అవే నీళ్లు కుక్క మీద పోసేవాళ్లున్నారు. దాని చర్మం మన చర్మం కంటే పలుచన, బొచ్చు ఉంది కదా అని మోసపోకండి. పొద్దున పూట, మణికట్టు మీద పోసుకుని చూస్తే చల్లగానూ వేడిగానూ అనిపించని నీళ్లు పోయండి.

ఇప్పుడు భయం తీసే పని. కుంకుడు పోలిక ఇక్కడ కొంచెం తప్పుతుంది. మా తమ్ముడికి తలంటు అయ్యాక కొత్త చొక్కా ఉందని తెలుసు, నాయనమ్మ "అయిపోయింది బిడ్డా, ఇంకొక్క చెంబే" అంటే అర్థమవుతుంది. కుక్కకు ఆ మాట అర్థం కాదు. కాబట్టి కొత్త చొక్కా ముందే ఇవ్వాలి, తలంటు జరుగుతుండగానే ఇవ్వాలి. సకినానికి కొత్త చొక్కా అంటే పల్లీల ముద్ద. పాలమూరు వైపు నుంచి మా చిన్నమ్మ పంపిన పల్లీలు, వేయించి, పొట్టు తీసి, మెత్తగా నూరింది. ఉప్పు, కారం, ఎల్లిపాయ ఏమీ వేయకూడదు, ఎల్లిపాయ, ఉల్లిగడ్డ కుక్కకు విషం. డబ్బాలో దొరికే పల్లీ బటర్ కొంటే వెనకాల చదవండి, జైలిటాల్ అనే తీపి కలిపి ఉంటే ప్రాణానికే ముప్పు. ఆ ముద్దను స్టీలు పళ్లెం లోపల పలచగా పూసి గోడకు ఆనిస్తే, నాకడానికి ఐదు నిమిషాలు పడుతుంది.

మొదటి వారం నీళ్లే లేవు. పొడి గోనె సంచి మీద నిలబడి పళ్లెం నాకడం, పోవడం. రెండో వారం ఖాళీ మగ్గు పక్కన పెట్టాను, తర్వాత దాన్ని వీపుకు ఆనించాను. స్టీలు బకెట్ తీసేసి ప్లాస్టిక్ బకెట్ ముందే నింపి పెట్టాను, చప్పుడు లేకుండా. మూడో వారం తడి బట్ట. ఆ తర్వాత వెనక కాళ్ల మీద అర మగ్గు. మెడ వైపుకు వచ్చేసరికి ఐదు వారాలైంది. తొందరపడకండి అని చెప్పడం తేలిక, నేనే రెండుసార్లు తొందరపడి మళ్లీ పొడి సంచి దగ్గరికి వచ్చాను.

ఎక్కడ ఆపాలో అదే చెబుతుంది. నిద్ర లేకుండానే ఆవులింతలు, ఊరికే పెదాలు నాకడం, చెవులు వెనక్కి పోవడం, ముందు కాలు ఎత్తి పట్టుకోవడం, కంటి తెల్లగుడ్డు పక్కన కనిపించడం. సకినానికైతే ఆ చుట్ట విప్పుకుని తోక కిందికి జారుతుంది. సకినం కాస్తా మురుకు అవుతుందన్నమాట. నోటి ముందున్న పల్లీల ముద్ద కూడా వదిలేసిందంటే గీత దాటినట్టే. అక్కడితో ఆపేయండి, ఒళ్లు సగమే తడిసినా సరే.

ఐదు వారాలూ కుక్క కంపు కొట్టాలా అంటారు. అసలు ఇంత తరచుగా స్నానం ఎందుకు? దాని చర్మం నుంచి ఊరే నూనె బొచ్చుకు కవచం. మనలాగా దానికి ఒళ్లంతా చెమట కూడా పట్టదు. పొట్టి బొచ్చున్న ఊరకుక్కకు నెలకోసారి చాలు, ఇంకా ఆలస్యమైనా పరవాలేదు. మా మామయ్య వాళ్ల బత్తాయి తోటలో డ్రిప్పు పైపుల కింది బురదలో పొర్లి వస్తుంది ఇది. ఎర్రమట్టి తడిమీద తుడిస్తే ఇంకా లోపలికి పోతుంది. ఆరనివ్వండి, తర్వాత బ్రష్‌తో దువ్వితే పొడిపొడిగా రాలిపోతుంది. మిగిలింది గోరువెచ్చని నీళ్లలో పిండిన బట్టతో, బొచ్చు వాలిన వైపుకు తుడవండి. కాళ్లు ఒక్కొక్కటి మగ్గులో ముంచి వేళ్ల సందులు ఆరబెట్టండి. ఇంటి వాసన సగం ఆ పాదాలదే. తుడిచినా, కడిగినా రెండు రోజులకే వాసన వస్తుంటే అది మురికి కాదు. చెవి, పళ్లు, చర్మం మీద పుండు, తోక కింద గ్రంథులు, వీటిలో ఏదో ఒకటి. డాక్టరు పని.

(తమ్ముడు చేయి ఊపుతాడు.)

ఏంది? బ్యాటరీ ఎర్రగా కొడుతోందా? ఎంత ఉంది, ఐదా? సరే, గబగబా చెప్పేస్తా.

షాంపూ: కుక్కలదే వాడండి. మన చర్మం పీహెచ్, అంటే ఆమ్లమా క్షారమా చెప్పే అంకె, 5.5 దగ్గర, దానిది 7 దగ్గర, మనది దానికి పడదు. ఇంత సేపు కుంకుడు అన్నానని నిజం కుంకుడు రసం పోసేరు! దానికీ కళ్లు మండుతాయి, నాకితే కక్కుకుంటుంది. మన బోరు నీళ్లకు నురగ రాదు, తెట్టు బొచ్చులోనే ఉండి దురద పెడుతుంది. మిషన్ భగీరథ మంచినీళ్ల నల్లా వచ్చినప్పుడు రెండు బకెట్లు పట్టి పెట్టుకోండి. షాంపూ ముందే నీళ్లలో కలపండి, రుద్దిన దానికి రెట్టింపు సేపు కడగండి.

మొహానికి నీళ్లు వద్దు, తడి బట్ట. చెవిలోకి నీళ్లు పోనీయొద్దు. చిక్కులుంటే స్నానానికి ముందే విప్పండి, తడిస్తే బిగుసుకుంటాయి.

గోమార్లు: కిరోసిన్ వద్దు, ఫినాయిల్ వద్దు, అగ్గిపుల్ల అసలే వద్దు. బత్తాయి తొక్క కూడా వద్దు, గీరుకున్న చోట మండుతుంది. పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టి నిటారుగా లాగండి, గోటితో చిదమొద్దు. వాటితో జ్వరాలు వస్తాయి. మెడ వెనక వేసే చుక్కల మందు వాడితే దానికి ముందు రెండు రోజులు, తర్వాత రెండు రోజులు స్నానం వద్దు.

అయ్యాక డ్రయ్యర్ పెట్టకండి, ఆ చప్పుడు ఇంకో కుంకుడు రసం. దులుపుకోనీయండి. 2012లో జార్జియా టెక్‌లో కొలిచారు, బొచ్చున్న జంతువు ఒక్క దులుపుతో ఒంటి మీది నీళ్లలో 70 శాతం దాకా విదిలించేస్తుంది. మిగతా 30 శాతానికి తువ్వాలు. అప్పటిదాకా మట్టి వైపు వదలకండి, నేరుగా పోయి పొర్లుతుంది...

తమ్ముడూ, అటు తిప్పు, బయటికి వచ్చింది. తోక చూడండి, చుట్టుకునే ఉంది. అరే, గోనె సంచి... సకినం, అది పడుకోవడానికి కాదే, ఇటు తే! ఎటు ఎత్తుకుపోతున్నవ్...