చలికాలంలో ఎనిమిది వేల మీటర్లు: ఈ సామానులో ఏది పనికొస్తుంది? | రివ్యూ

నమస్తే అండీ. బల్ల మీద సామాను కనిపిస్తోంది కదా. బూట్లు, మిట్టెన్లు (నాలుగు వేళ్లూ ఒకే సంచిలో ఉండే గ్లవ్స్), గ్యాస్ డబ్బా, హెడ్‌ల్యాంపు, ఒక ఐస్ స్క్రూ, అంటే తాడు తగిలించడానికి ఐసులోకి తిప్పి దించే మేకు. ఇవాళ ఒక కంపెనీ సరుకు గురించి మాట్లాడటం లేదు. చలికాలంలో ఇంతవరకు ఎవరూ ఎక్కని పెద్ద కొండను మొదటిసారి ఎక్కాలంటే ఏం సిద్ధం చేసుకోవాలి, అందులో ఏది ఆదుకుంటుంది, ఏది ఉత్త బరువు, అదీ మన రివ్యూ. ముందే చెప్పేస్తున్నా, నేను ఎనిమిది వేల మీటర్ల కొండ ఎక్కినవాణ్ని కాను. వెళ్లొచ్చినవాళ్లు చెప్పినవన్నీ ఏళ్ల తరబడి చదువుతూ, దొరికిన సామానల్లా విప్పి చూసే పిచ్చి మాత్రం ఉంది.

ఎవరెస్ట్‌ను మొదట ఎక్కింది 1953లో. చలికాలంలో ఎక్కింది 1980లో. ఎత్తులో దాని తర్వాతిదైన కేటూ అయితే ఇంకా మొండిది. 1954లో మొదటిసారి లొంగింది, చలికాలంలో లొంగడానికి 2021 దాకా పట్టింది. అదే కొండ, అవే దారులు. మరి అన్నేళ్ల తేడా ఎందుకు?

చలి అనుకుంటాం. చలి కంటే గాలి పెద్ద శత్రువు. చలికాలంలో జెట్ స్ట్రీమ్, అంటే ఆకాశంలో చాలా ఎత్తున నదిలా వీచే వేగమైన గాలి, దక్షిణానికి జరిగి ఈ కొండల నెత్తిమీదే కూర్చుంటుంది. మైనస్ 40 డిగ్రీల్లో గంటకు 50 కిలోమీటర్ల గాలి వీస్తే ఒంటికి మైనస్ 63లా తగులుతుంది. ఆ గాలి మెత్తటి మంచునంతా ఊడ్చేసి కింద గాజులాంటి నీలం ఐసును మిగులుస్తుంది. మే నెలలో మెట్లు తొక్కినట్టు ఎక్కిన వాలు జనవరిలో బండరాయిలా ఉంటుంది. ఇంకోటి, చాలామందికి తట్టనిది: చలికాలంలో పైన గాలి ఒత్తిడి కూడా తగ్గుతుంది. అంటే అదే ఎత్తులో ఊపిరికి అందే ఆక్సిజన్ ఇంకాస్త తక్కువ. కొండ ఎత్తు పెరిగినట్టే లెక్క.

సరే, సామానులోకి వద్దాం. ముందు గ్యాస్ డబ్బా. ఇది మామూలు బ్యూటేన్ డబ్బా. ఐసు, ఉప్పు కలిపిన బకెట్‌లో రాత్రంతా పెట్టాను, బయట, బాల్కనీలో. మీరు చేయకండి. పొద్దున తీసి స్టవ్‌కు బిగించి వాల్వు తిప్పితే... ఏమీ లేదు. ఊపితే లోపల గ్యాస్ ద్రవంలా గలగలమంటోంది, బయటికి మాత్రం రావట్లేదు. మన దగ్గర మామూలు గాలి ఒత్తిడిలో బ్యూటేన్ సుమారు మైనస్ అర డిగ్రీకే ఆవిరవడం మానేస్తుంది. పైన ఒత్తిడి తక్కువ కాబట్టి ఆ హద్దు ఇంకాస్త కిందికి దిగుతుంది, కానీ మైనస్ 40 ముందు ఆ ‘కాస్త’ ఎక్కడ చాలుతుంది? ప్రొపేన్ మైనస్ 42 దాకా తట్టుకుంటుంది. అందుకే పై క్యాంపులకు ప్రొపేన్ కలిసిన డబ్బాలు మోస్తారు. అవి కూడా రాత్రి స్లీపింగ్ బ్యాగులో మనతోనే పడుకోవాలి. బూట్ల లోపలి పొర, బ్యాటరీలు, రేడియో, నీళ్ల సీసా అన్నీ అందులోనే. మనిషికి మిగిలే చోటు ఎంతో మీరే ఊహించుకోండి. స్టవ్ వెలగకపోతే మంచు కరగదు, మంచు కరగకపోతే నీళ్లు లేవు, నీళ్లు తాగని ఒంట్లో రక్తం చిక్కబడి వేళ్లు ముందు గడ్డకడతాయి. బ్యూటేన్ డబ్బాకు నా మార్కులు సున్నా. దీన్ని బేస్ క్యాంపు దాటనివ్వకూడదు.

బూట్లు. మూడు పొరలు, పైన మోకాలి దాకా కప్పే గెయిటర్ కలిసే ఉంటుంది. వీటికి వంక పెట్టడానికేం లేదు, ఒక్క సంగతి తప్ప. కాలి చెమట సాక్సులోకి చేరితే రెండో రోజుకే అది ఐసు. అందుకని పాదానికీ సాక్సుకీ మధ్య ఆవిరి దాటని పలుచటి పొర వేసుకుంటారు. అసహ్యంగా ఉంటుంది, కాలు నానిపోయినట్టు. కానీ సాక్సు పొడిగా ఉంటుంది. బూటు లోపల పాదం కింద వేసుకునే, బ్యాటరీతో వేడెక్కే అట్టలు కూడా వచ్చాయి. మంచివే, కానీ వాటిని నమ్ముకుని మామూలు సాక్సు తక్కువ తీసుకెళ్లొద్దు. ఎందుకో కేటూ కథలో చెప్తాను.

ఇప్పుడు అసలు పరీక్ష. మిట్టెన్లు. వెచ్చగా ఉంటాయా అన్నది ఇక్కడ రెండో ప్రశ్న. ఇవి తొడుక్కుని ఏమైనా చేయగలమా అన్నది మొదటిది. గదిలో లైటు ఆపేసి, ఇవి తొడుక్కుని హెడ్‌ల్యాంపు బ్యాటరీలు మార్చడానికి కూర్చున్నాను. మూత తెరవడానికే గోరు కావాలి, గోరు మిట్టెన్ లోపలుంది. పళ్లతో లాగాను. మైనస్ 40లో లోహం పెదవికి అంటుకుంటే ఏమవుతుందో తర్వాత గుర్తొచ్చింది. ఒక బ్యాటరీ కిందపడి సోఫా కిందకి దొర్లింది. నాకు సోఫా. అక్కడ వాలు. మూడు బ్యాటరీలు మార్చడానికి ఆరు నిమిషాలు పట్టింది, అదీ వెచ్చటి గదిలో. పదోసారి చేసేసరికి రెండు నిమిషాలకు దిగింది. తాడుకు తగిలించే లోహపు కొక్కెం, అదే కారాబీనర్‌తో కూడా అంతే. స్క్రూ గేటు తిప్పాల్సిన రకం మిట్టెన్‌తో నరకం, పెద్ద నోరున్న స్నాప్ రకం నయం. జిప్పులకు చిన్న తాడు ముక్కలు కట్టుకోండి, ఖర్చు లేని పని, పది మార్కులకు పది. మిట్టెన్లు మణికట్టుకు తాడుతో కట్టి ఉండాలి, చిన్నపిల్లలకు కట్టినట్టు. ఎగిరిపోతే వెతకడానికి వెళ్లలేం.

ఐస్ స్క్రూ గురించి ఒక్క మాటే. చలికాలపు ఐసు గట్టిది, పెళుసైనది. మొద్దుబారిన స్క్రూ దిగదు, మొద్దుబారిన క్రాంపాను, అంటే బూటు కింద కట్టుకునే ముళ్ల చట్రం, పట్టదు. ఆకురాయి తీసుకెళ్లండి.

ఇంతవరకు బల్ల మీద సామాను. ఇది బాగున్నంత మాత్రాన కొండ ఎక్కలేం. చలికాలంలో గాలి తగ్గేది నెలకు ఎన్నో రోజులు కాదు. తగ్గిన రోజుకి పైదాకా తాళ్లు కట్టి ఉండాలి, టెంట్లు, గ్యాసు పైన ఉండాలి, మనుషుల ఒంటికి ఆ ఎత్తు అలవాటై ఉండాలి. ఆ రోజు వచ్చాక మొదలుపెడదాం అంటే ఆ రోజు పోతుంది.

పోలిష్‌వాళ్లు ఈ సంగతి ముందు పట్టుకున్నారు. ఆంద్రేయ్ జవాడా 1973లో అఫ్గానిస్తాన్‌లోని నోషాక్‌ను, అంటే 7,492 మీటర్లను, చలికాలంలో ఎక్కాడు. మరుసటి ఏడాది ఎవరెస్ట్ పక్కనున్న లోత్సే మీద 8,000 మీటర్లు దాటాడు, శిఖరం అందలేదు. అలా ఒక్కో మెట్టు ఎక్కి ఎవరెస్ట్‌కు వచ్చాడు. 1980 ఫిబ్రవరిలో అనుమతి గడువు అయిపోవచ్చింది, రెండు రోజులు పొడిగింపు దొరికింది. ఆ చివరి రోజున, 17న, క్రిస్తోఫ్ వియెలిత్స్కీ, లెషెక్ చిహీ పైన నిలబడ్డారు. దాన్ని అదృష్టం అనను. వారాల తరబడి గాలి తిట్లు తింటూ తాళ్లు కట్టినవాళ్లు కింద ఉన్నారు కాబట్టి ఆ రెండు రోజులు ఉపయోగపడ్డాయి.

కేటూ దగ్గరికి అదే జవాడా 1987-88 చలికాలంలో వెళ్లాడు. శిఖరానికి చాలా కింది నుంచే తిరిగి రావాల్సి వచ్చింది. ఆ తర్వాతా జట్లు వెళ్లాయి, అందరిదీ అదే దారి, వెనక్కి. 2021 జనవరి మొదట్లో నేపాల్‌కు చెందిన నిర్మల్ పుర్జా జట్టు తెచ్చిన సామాను రెండో క్యాంపులో ఉంది. పైకెళ్లి చూసేసరికి గాలి టెంట్లతో సహా ఎత్తుకెళ్లింది. స్లీపింగ్ బ్యాగులు, శిఖరం కోసం దాచిన మిట్టెన్లు, వేడెక్కే అట్టలు, అన్నీ పోయాయి. అందుకే అన్నాను, అట్టల్ని నమ్ముకోవద్దని. నేనైతే అక్కడే ఏడ్చి ఇంటికొచ్చేవాణ్ని. వాళ్లు కింద మిగిలినవి పోగేసుకుని, మింగ్మా జీ జట్టుతోనూ సోనా షెర్పాతోనూ కలిసిపోయి పని పంచుకున్నారు. జనవరి 16 సాయంత్రం 4:58కి పది మంది నేపాలీలు 8,611 మీటర్ల మీద నిలబడ్డారు. ముందెళ్లినవాళ్లు శిఖరానికి పది మీటర్ల కింద ఆగి, వెనకవాళ్లు వచ్చేదాకా ఆ చలిలో నిలబడ్డారు. పది మంది కలిసి, జాతీయ గీతం పాడుతూ పైకి నడిచారు.

ప్రిపరేషన్ రివ్యూలో నేను పెద్ద మార్కులు వేసేది దీనికి: ఎవరి తాడు వాళ్లు కట్టుకోకుండా ముగ్గురి సామాను ఒకటి చేసుకోవడం. రెండోది, రెట్టింపు సామాను. ఒక్క క్యాంపు పోతే ప్రయాణం ఆగిపోయేలా ఉంటే అది ప్లాన్ కాదు.

అదే కొండ మీద అదే రోజు కిందికి దిగుతూ స్పెయిన్‌కు చెందిన సెర్జీ మింగోటే పడి చనిపోయాడు. ఫిబ్రవరి 5న పైకెళ్లిన అలీ సద్పారా, జాన్ స్నోరీ, హువాన్ పాబ్లో మోర్ తిరిగి రాలేదు. అలీ సద్పారా అంటే 2016లో నంగా పర్బత్‌ను చలికాలంలో మొదటిసారి ఎక్కినవాళ్లలో ఒకడు, ఇలాంటి చలి ఆయనకు కొత్త కాదు. 2013లో బ్రాడ్ పీక్ మీద నలుగురు మార్చి 5న శిఖరం చేరారు, ఇద్దరే దిగారు. పైకి వెళ్లే సామాను గురించి ఇంతసేపు మాట్లాడాను, దిగడానికి ఏం మిగిలింది అన్న లెక్క అంతకంటే ముందు వేయాలి. ఎన్ని గంటలకు వెనక్కి తిరగాలో బేస్ క్యాంపులో వెచ్చగా కూర్చుని కాగితం మీద రాయండి. పైన మెదడుకు ఆక్సిజన్ చాలనప్పుడు కొత్తగా లెక్కలు వేయలేం.

అన్నట్టు, ఆ బ్రాడ్ పీక్ ఎక్కడం చలికాలం కిందికి వస్తుందా రాదా అని ఇప్పటికీ గొడవ. డిసెంబర్ 21 నుంచి మార్చి 20 అని ఒకరు, ఫిబ్రవరి ఆఖరుతో అయిపోయింది అని ఇంకొకరు. కింద కామెంట్లలో మీరూ కొట్టుకోవచ్చు, నేను మాత్రం దూరను.

స్లీపింగ్ బ్యాగుల వీడియో వచ్చే వారం. ఈలోగా ఆ మూడో బ్యాటరీ సోఫా కింద నుంచి తీయాలి.