జడ్ యాక్సిస్‌కి బ్రేక్ ఉన్న సర్వో మోటార్ కొనాలా? | బ్రేక్ మోటార్ రివ్యూ

నమస్తే అండి, విజయవాడ ఆటోనగర్ నుంచి మాట్లాడుతున్నా. టేబుల్ మీద ఉన్న రెండూ 750 వాట్ల సర్వో మోటార్లే, ఫ్లాంజ్ ఒకటే, షాఫ్ట్ ఒకటే, కాకపోతే ఇది కొంచెం పొడుగు, రెండు వైర్లు ఎక్కువ, ఎందుకంటే లోపల బ్రేక్ ఉంది. రేటు ఎక్కువ కదా అవసరమా అంటున్నారు. సీఎన్‌సీ మెషిన్‌లో అడ్డంగా కదిలే ఎక్స్, వైలకి అక్కర్లేదు, పైకీ కిందకీ కదిలే జడ్‌కి మాత్రం తీసుకోవాల్సిందే.

టూల్ ఉండే హెడ్‌ని పైకీ కిందకీ నడిపే బాల్‌స్క్రూ చాలా ఫ్రీగా తిరుగుద్ది, కరెంట్ పోయి మోటార్ వదిలేసిందంటే హెడ్ బరువుకి స్క్రూ తిరిగిపోయి హెడ్ కిందకి వచ్చేస్తది, టూల్ పోద్ది, కోస్తున్న జాబ్ పోద్ది, కింద చెయ్యి ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మన లారీల్లో గాలి పోతే స్ప్రింగ్ బ్రేక్ పడిపోద్ది చూడండి, ఇదీ అంతే, 24 వోల్టులు ఇస్తే వదుల్తది, తీసేస్తే పట్టేస్తది. ఇప్పుడు 24 ఇస్తున్నా... టక్ మంది, వినపడిందా? ఇప్పుడు షాఫ్ట్ చేత్తో తిరుగుతోంది. తీసేశా, కదలట్లేదు.

పట్టు సరిపోద్దా? హెడ్ 60 కిలోలు, స్క్రూ లీడ్, అంటే ఒక్క చుట్టుకి హెడ్ కదిలే దూరం, 10 ఎంఎం అనుకుంటే షాఫ్ట్ మీద దాదాపు 0.94 న్యూటన్ మీటర్ టార్క్, అంటే తిప్పే బలం, పడుద్ది, ఈ సైజు మోటార్ రేటెడ్ టార్కే 2.39, బ్రేక్ కూడా మామూలుగా దానికి తగ్గట్టే ఇస్తారు కాబట్టి హాయిగా సరిపోద్ది. లీడ్ 20 పెడితే లోడ్ డబుల్ అయిపోద్ది, అప్పుడు లెక్క చూసుకుని తీసుకోండి.

నాకు బాగా బాధ కలిగించేది వైరింగ్ అండి. ఇది పట్టుకునే బ్రేక్, ఆపే బ్రేక్ కాదు. తిరిగే మోటార్‌ని ముందు దాన్ని నడిపే డ్రైవ్ ఆపాలి, ఆగాక బ్రేక్ పడాలి, అది పూర్తిగా పట్టాకే సర్వో ఆఫ్ అవ్వాలి, అంటే డ్రైవ్ మోటార్‌ని వదిలెయ్యాలి. స్టార్ట్‌లో మోటార్ టార్క్ వచ్చాకే బ్రేక్ వదలాలి. ఆ డిలే డ్రైవ్ పారామీటర్లలో ఉంటది, మిల్లీసెకన్లలో, దయచేసి సెట్ చెయ్యండి. చాలామంది ఎమర్జెన్సీ బటన్‌తో డైరెక్ట్‌గా 24 కట్ చేసేస్తారు, అలా రోజూ తిరిగేటప్పుడు పడితే లైనింగ్ అరిగిపోయి కొన్నాళ్ళకి హెడ్ జారడం మొదలవుద్ది. 24 తీసేసినప్పుడు వచ్చే వోల్టేజ్ దెబ్బ ఆపడానికి బ్రేక్ కాయిల్‌కి మామూలు డయోడ్ ఒక్కటే పెట్టినా బ్రేక్ లేటుగా పడుద్ది, దాని బదులు వేరిస్టర్ అనే పార్ట్ పెట్టండి. కేబుల్ పొడుగైతే మోటార్ దగ్గర వోల్టేజ్ కొలవండి, తగ్గితే బ్రేక్ సరిగ్గా వదలక రాసుకుంటది.

ఇంకోటి, బ్రేక్ ఉందిగా అని హెడ్ కింద చెయ్యి పెట్టొద్దు. మోటార్‌కీ స్క్రూకీ మధ్య బెల్ట్ ఉండి అది తెగితే బ్రేక్ మోటార్‌నే పట్టుకుంటది, హెడ్‌ని కాదు. హెడ్ కింద గట్టి దిమ్మ పెట్టాకే పని చెయ్యండి.

అప్పుడప్పుడూ హెడ్ కింద సన్న కదలిక కూడా చూపించే డయల్ గేజ్ పెట్టి సర్వో ఆఫ్ చేసి చూడండి, పడేటప్పుడు కొంచెం కదిలితే పర్లేదు, ఆగకుండా జారుతూనే ఉంటే మోటార్ విప్పాల్సిందే. పాత మెషిన్‌కి వేసేవాళ్ళు ఆర్డర్ ముందు కవర్ లోపల పొడవు టేప్‌తో కొలవండి, మామూలు మోటార్ ప్లేస్‌లో ఇది పట్టకపోవచ్చు.