బ్రాడ్‌బ్యాండ్ బిల్లుకు కూడా ఇన్సూరెన్సా?

శిరీష: అందరికీ నమస్కారం. ఈ వారం ఇంగ్లండ్‌లోని రెడింగ్ నుంచి ఒకావిడ వాయిస్ నోట్ పంపారు. ఇంటికి కొత్త బ్రాడ్‌బ్యాండ్ పెట్టించుకున్నారట. నెలకు 32 పౌండ్లు, రెండేళ్ల కాంట్రాక్టు. వారం తిరక్కముందే ఫోనొచ్చింది. "ఇంకో మూడు పౌండ్లు కట్టండి, ఉద్యోగం పోయినా జబ్బు చేసినా మీ బిల్లు మేం కడతాం" అన్నారట. ఆ ఇన్సూరెన్స్ తీసుకోవాలా వద్దా అని అడుగుతున్నారు. ప్రసాద్ అన్నా, మీరేమంటారు?

ప్రసాద్: వద్దంటాను.

శిరీష: ఎపిసోడ్ అయిపోయినట్టేనా? (నవ్వు)

ప్రసాద్: ఆగు శిరీషా. ఆవిడ ఇంకో మాట కూడా చెప్పారు కదా, వాళ్లాయన స్కిల్డ్ వర్కర్ వీసా మీద ఉన్నారు, ఇంట్లో ఒక్కటే జీతం అని. అసలు విషయమంతా అక్కడే ఉంది.

శిరీష: ముందు లెక్క తేల్చేద్దాం. నెలకు మూడు పౌండ్లంటే 24 నెలలకు 72. అంటే రెండు బిల్లుల పైమాటే. ఈ రెండేళ్లలో వాళ్లు కనీసం మూడు బిల్లులు కడితే గానీ మనకు గిట్టుబాటు కాదు.

ప్రసాద్: అందులో పన్ను కూడా ఉంది. ఇన్సూరెన్స్ ప్రీమియం టాక్స్ 12 శాతం. ఆ మూడు పౌండ్లలో 32 పెన్నీలు ప్రభుత్వానికే పోతాయి.

శిరీష: కానీ అన్నా, ఉద్యోగం పోయినప్పుడు 32 పౌండ్లు కూడా బరువే. అసలు టెన్షన్ ఆ నెలల్లోనే కదా. పైగా ఇంటర్వ్యూలన్నీ ఆన్‌లైన్‌లోనే, నెట్ లేకపోతే ఎలా?

ప్రసాద్: నెట్ ఉండాలి, కాదనను. ఈ పాలసీ ఆ నెలల్లో ఎప్పుడు డబ్బులిస్తుందో చూడు. పాలసీ తీసుకున్న మొదటి రెండు మూడు నెలల్లో ఉద్యోగం పోతే చాలా కంపెనీలు క్లెయిమే ఒప్పుకోవు. ఆ గడువు దాటాక పోయినా మామూలుగా మొదటి 30 రోజులు పైసా రాదు. అది వెయిటింగ్ పీరియడ్. ఇప్పుడు వీసా సంగతి. ఉద్యోగం పోయిందని స్పాన్సర్, అంటే వీసా ఇప్పించిన కంపెనీ, చెప్పాక వీసాలు చూసే హోమ్ ఆఫీస్ నుంచి లెటర్ వస్తుంది. మామూలుగా ఇచ్చేది 60 రోజులు. వీసా గడువు అంతకన్నా తక్కువ మిగిలుంటే ఆ తక్కువే. ఆ లోపు కొత్త స్పాన్సర్ దొరకాలి, లేదంటే దేశం వదలాలి. ఉద్యోగం దొరికితే క్లెయిమ్ ఆగిపోతుంది. విమానం ఎక్కితే పాలసీయే ఆగిపోతుంది, ఎందుకంటే యూకేలో నివసించాలనే షరతు ఉంటుంది. మధ్యలో ఎన్ని బిల్లులు వస్తాయి? ఒకటి, మహా అయితే రెండు.

శిరీష: అంటే 72 కట్టి 32 తీసుకోవడమన్నమాట.

ప్రసాద్: అది కూడా అంతా సవ్యంగా జరిగితేనే. మనవాళ్లకు అసలు దెబ్బ తగిలేది వేరే చోట. స్వదేశానికి తిరిగి వెళ్లిపోవాల్సి వస్తే, ఆ రెండేళ్ల కాంట్రాక్టులో మిగిలిన నెలలకు ఎగ్జిట్ ఫీజు పడుతుంది. ఇంకా 15 నెలలుంటే అది వందల పౌండ్లు. బిల్లు కట్టే పాలసీ ఆ ఫీజు కట్టదు.

శిరీష: ఇది నాకు తట్టలేదు. అయితే ఆ మూడు పౌండ్లు ఎక్కువ పెట్టినా సరే, కాంట్రాక్టు లేని నెలవారీ ప్లాన్ తీసుకోవడం మేలేమో?

ప్రసాద్: వీసాకి ఏడాదే మిగిలున్నవాళ్లకు కచ్చితంగా మేలు. 30 రోజుల నోటీసుతో వదిలేసుకునే ప్లాన్లు ఉన్నాయి. ఈవిడ కాంట్రాక్టు కుదిరి వారమే అయింది కాబట్టి ఇంకా 14 రోజుల కూలింగ్ ఆఫ్ గడువులోనే, అంటే ఎగ్జిట్ ఫీజు లేకుండా రద్దు చేసుకోగల రోజుల్లోనే, ఉండి ఉంటారు. ముందు అది చూసుకోమనండి. వాడుకున్న రోజులకు, ఇన్‌స్టలేషన్‌కు కొంత అడగొచ్చు గానీ, ఎగ్జిట్ ఫీజు ముందు అది ఎంత?

శిరీష: సిటిజన్‌షిప్ ఉన్నవాళ్లకు, ఐఎల్ఆర్, అంటే ఇక్కడ శాశ్వతంగా ఉండే అనుమతి, వచ్చినవాళ్లకు?

ప్రసాద్: వాళ్ల దారి వేరు. ఆదాయం పడిపోతే ప్రభుత్వం ఇచ్చే యూనివర్సల్ క్రెడిట్ భత్యానికి అప్లై చేసుకోవచ్చు, సేవింగ్స్ 16 వేల పౌండ్లు దాటకపోతే. అది వస్తే సోషల్ టారిఫ్, అంటే అలాంటివాళ్లకిచ్చే చవక బ్రాడ్‌బ్యాండ్ ప్లాన్, అడగొచ్చు. పెద్ద కంపెనీల్లో చాలావాటికి ఉంది, నెలకు 20 పౌండ్ల చుట్టుపక్కల, కొన్ని ఇంకా తక్కువే. చాలామందికి దాని పేరే తెలీదు. వీసా మీద ఉన్నవాళ్లకు యూనివర్సల్ క్రెడిట్ రాదు, పబ్లిక్ ఫండ్స్, అంటే ఇలాంటి ప్రభుత్వ భత్యాలు, ముట్టకూడదన్న షరతు ఉంటుంది. కానీ న్యూ స్టైల్ జేఎస్ఏ అనే నిరుద్యోగ భృతి మాత్రం ఆ లెక్కలోకి రాదు, అది మనం జీతంలోంచి కట్టిన నేషనల్ ఇన్సూరెన్స్ మీద వచ్చేది. ఆ షరతు చూసి భయపడి దీన్ని వదిలేసేవాళ్లు ఉన్నారు.

శిరీష: పీపీఐ గొడవ కూడా చెప్పండి అన్నా, కొత్తగా వచ్చినవాళ్లకు తెలీదు.

ప్రసాద్: అబ్బో, అదొక పెద్ద కథ. పేమెంట్ ప్రొటెక్షన్ ఇన్సూరెన్స్ అని లోన్లకూ క్రెడిట్ కార్డులకూ తగిలించి అమ్మారు. రిటైరైనవాళ్లకు, సొంత వ్యాపారం చేసుకునేవాళ్లకు, అంటే ఎప్పటికీ క్లెయిమ్ చేసుకోలేనివాళ్లకు కూడా అంటగట్టారు. 2011 నుంచి బ్యాంకులు తిరిగి కట్టింది 38 బిలియన్ పౌండ్ల పైనే. 2014లో ప్లెవిన్ అనే ఆవిడ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఆవిడ కట్టిన ప్రీమియం 5,780 పౌండ్లు, అందులో 71.8 శాతం కమిషన్. ఆ సంగతి ఆవిడకు చెప్పనేలేదు.

శిరీష: నాలుగింట మూడొంతులు మధ్యవాళ్లకేనా!

ప్రసాద్: దాదాపు. ఫిర్యాదులకు 2019 ఆగస్టు 29 ఆఖరి తేదీ అని ఆర్థిక సంస్థలను నియంత్రించే ఎఫ్‌సీఏ ప్రకటించింది. దాన్ని గుర్తుచేయడానికి ఆర్నాల్డ్ ష్వార్జ్‌నెగర్ తలకాయ బొమ్మ ఒకటి చేసి, టీవీలో యాడ్ వేశారు. ఇప్పటికీ కళ్లలో మెదులుతుంది. అదంతా అయ్యాక కూడా ఫోన్ చేసి "బిల్ ప్రొటెక్షన్" అంటున్నారంటే, చింత చచ్చినా పులుపు చావలేదని!

శిరీష: ఇవాళ్టి పాలసీలన్నీ మోసమనలేం కదా.

ప్రసాద్: అనను. చట్టప్రకారమే అమ్ముతున్నారు. నేననేది, ఇంత చిన్న బిల్లుకు ఇన్సూరెన్స్ అక్కర్లేదని. జీతమే ఆగిపోతే అద్దె ఎవరు కడతారన్నది అసలు సమస్య. జబ్బు చేసి చాన్నాళ్లు పని చేయలేకపోతే జీతంలో కొంత ఇచ్చే ఇన్‌కమ్ ప్రొటెక్షన్ గురించి అడగమనండి. అది కాస్త ఖరీదే, కానీ కనీసం పెద్ద దెబ్బకు మందు.

శిరీష: సరే, ఆవిడ ఒకవేళ ఫోన్లోనే సరేనని చెప్పేసి ఉంటే?

ప్రసాద్: ఐపిఐడి అని పాలసీ సారాంశం చెప్పే రెండు పేజీల కాగితం ఈమెయిల్లో వచ్చి ఉంటుంది. ఆకుపచ్చ టిక్కుల కింద కవరయ్యేవి, ఎర్ర ఇంటూ గుర్తుల కింద కవర్ కానివి ఉంటాయి. మనం ఎర్రవే చదవాలి. పాత జబ్బు, మనంతట మనమే ఒప్పుకున్న ఉద్యోగ తొలగింపు (రిడండెన్సీ), ఫిక్స్‌డ్ టర్మ్ కాంట్రాక్టు గడువు ముగియడం, పాలసీ తీసుకునేటప్పటికే ఆఫీసులో లేఆఫ్‌ల మాట నడుస్తుండటం, ఇవి తరచుగా అక్కడే కనిపిస్తాయి. నచ్చకపోతే ఈ రకం పాలసీకి మామూలుగా 30 రోజుల్లోపు రద్దు చేసుకునే హక్కుంది. ఆ తేదీ ఎప్పుడు మొదలైందో ముందు చూడమనండి.

శిరీష: రద్దు చేయమంటే సాగదీస్తే?

ప్రసాద్: ఈమెయిల్లో రాతపూర్వకంగా అడగాలి. ఫిర్యాదు పెట్టాక ఎనిమిది వారాల్లో తేల్చకపోతే ఫైనాన్షియల్ అంబుడ్స్‌మన్‌కు వెళ్లొచ్చు. అది ఉచితం, ఏ ఏజెంటుకూ వాటా ఇవ్వక్కర్లేదు.