పాతికవేల మంది నిశ్శబ్దం

సభకు నమస్కారం.

ఈ ప్రసంగం రగ్బీ గురించని చెప్పగానే మా అక్క అంది: "ఆ కోడిగుడ్డు బంతాటా? దాని గురించి గంటసేపు చెప్పడానికి ఏముందిరా?" గంట పట్టదులెండి. పట్టినా మధ్యలో టీ ఉందన్నారు.

నేను ఉద్యోగరీత్యా చాలా ఏళ్లు ఐర్లండ్‌లోని లిమరిక్‌లో ఉన్నాను. అక్కడ థోమండ్ పార్క్ అని ఒక స్టేడియం. పాతికవేల మందికి పైగా పడతారు. మన్‌స్టర్ జట్టుకి అది సొంతిల్లు. నేను మొదటిసారి వెళ్లిన రోజు సన్నగా జల్లు పడుతోంది. అవతలి జట్టువాడు పెనాల్టీ కిక్ కొట్టడానికి బంతిని చిన్న ప్లాస్టిక్ పీట మీద నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేశాడు. నేను ఉప్పల్‌లో క్రికెట్ చూసి పెరిగినవాణ్ని. అలవాటు కొద్దీ పక్కనున్న స్నేహితుడితో "వీడు కొట్టలేడు చూడు" అన్నాను. అన్నది తెలుగులోనే. అయినా ముందు వరసలోంచి ఒక ముసలాయన వెనక్కి తిరిగి పెదాల మీద వేలు పెట్టాడు. అప్పుడు గమనించాను, స్టేడియం స్టేడియమంతా ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఎక్కడో ఒక చంటిపిల్ల ఏడుపు, జెండా తాడు కర్రకి తగులుతున్న టకటక. అంతే. బంతి రెండు కర్రల మధ్య నుంచి దూసుకుపోయింది. వాళ్లకి మూడు పాయింట్లు. ముసలాయన మళ్లీ తిరిగి, ఇక మాట్లాడుకో అన్నట్టు తలాడించాడు.

కిక్కర్ మనవాడైనా పగవాడైనా అక్కడ అదే మర్యాద. దీన్నే 'రగ్బీ విలువలు' అంటారు. రెఫరీని 'సర్' అని పిలవడం, ఆట కాగానే గెలిచినవాళ్లు రెండు వరసలుగా నిలబడి ఓడినవాళ్లకి చప్పట్లు కొడుతూ దారి ఇవ్వడం, రెండు జట్ల అభిమానులూ ఒకే బెంచీ మీద కూర్చోవడం, అన్నీ అందులోకే వస్తాయి. ఈ ఆట ఆడేవాళ్లూ చూసేవాళ్లూ పుట్టుకతోనే పెద్దమనుషులని నేనూ చాలాకాలం నమ్మాను. ఇప్పుడు నమ్మను. ఎందుకో చెప్పాలంటే ముందు ఆట సంగతి కొంచెం చెప్పాలి.

జట్టుకి 15 మంది, 80 నిమిషాలు. బంతిని చేత్తో ముందుకు వెయ్యకూడదు, వెనక్కే వెయ్యాలి. ముందుకెళ్లాలంటే పరుగెత్తాలి, లేకపోతే కాలితో తన్నాలి. అవతలి గీత దాటించి బంతిని నేలకి ఆనిస్తే 'ట్రై', ఐదు పాయింట్లు. మన చెడుగుడులో కూతకొచ్చినవాణ్ని నడుం పట్టి పడేసినట్టే ఇక్కడా బంతి పట్టుకున్నవాణ్ని పడేస్తారు. తేడా అంతా పడేశాక మొదలవుతుంది. పడ్డవాడు బంతి వదలాలి, పడేసినవాడు పక్కకి తప్పుకోవాలి, మిగతావాళ్లు వెనక వైపు నుంచే, కాళ్ల మీద నిలబడే రావాలి. ఆ కుప్పనే 'రక్' అంటారు. రెండు మూడు సెకన్లలో అరడజను మంది అరడజను తప్పులు చేస్తారు. అన్నిటికీ విజిల్ ఊదితే ఆట సాగదు. అందుకని ఆటకి అడ్డొచ్చిన తప్పునే పట్టుకుని మిగతాది చూసీ చూడనట్టు వదిలెయ్యడం రెఫరీ పని.

మా ఊళ్లో ఇసుకలో చెడుగుడు ఆడేటప్పుడు కూత తెగిందా లేదా అని రోజూ గొడవే. "దొంగాట" అని అరుపులు. చివరికి గట్టు మీద కూర్చున్న పెద్దాయన ఏదంటే అది. ఆయనకి చెవుడని అందరికీ తెలుసు. ఆయన మాట వినకపోతే చీకటి పడేలోపు ఆట పూర్తి కాదని కూడా తెలుసు. రగ్బీలో రెఫరీకిచ్చే గౌరవం అలాంటిదే అంటాను నేను. అది సుగుణం కాదు, ఒక ఒప్పందం. ఆ ఒప్పందానికి కాపలాగా నియమాలున్నాయి. రెఫరీతో మాట్లాడాల్సింది కెప్టెనే. ఎదురు మాట్లాడితే పెనాల్టీ ఇంకో 10 మీటర్లు ముందుకి జరుగుతుంది. రెఫరీ మెడ దగ్గర మైకు, ఆయన అనే ప్రతి మాటా టీవీలో వినిపిస్తుంది. 2015 ప్రపంచ కప్‌లో న్యూకాసిల్ ఫుట్‌బాల్ మైదానంలో స్కాట్లండ్ ఆటగాడు స్టువర్ట్ హాగ్ తగలని దెబ్బకి పడిపోతే రెఫరీ నైజెల్ ఓవెన్స్, అలా పడాలని ఉంటే రెండు వారాలాగి ఇక్కడికే రమ్మన్నాడు, ఇవాళ మాత్రం కాదన్నాడు. ఫుట్‌బాల్‌వాళ్లకి కూడా అందులో ఒక చురక ఉంది. ఆ క్లిప్పు ఇప్పటికీ ఫోన్లలో తిరుగుతూనే ఉంది.

అదే టోర్నమెంట్ క్వార్టర్ ఫైనల్లో ఒప్పందానికి పెద్ద బీట పడింది. ట్వికెన్‌హామ్‌లో ఆట ముగియబోతుండగా రెఫరీ క్రెయిగ్ జూబెర్ ఇచ్చిన పెనాల్టీతో ఆస్ట్రేలియా స్కాట్లండ్‌ని 35-34తో దాటేసింది. విజిల్ ఊది ఆయన ఎవరికీ చెయ్యి కలపకుండా పరుగున మైదానం దాటాడు. తర్వాత ఈ ఆటని నడిపే సంస్థ వరల్డ్ రగ్బీయే ఆ నిర్ణయం తప్పని చెప్పింది. వీడియో రెఫరీని అడిగే వీలు ఆ సందర్భంలో నిబంధనల్లో లేదు. ఎందుకు లేదని స్కాట్లండ్ అభిమానులు గగ్గోలు పెట్టారు. పెట్టరా మరి!

ఎనిమిదేళ్లు గిర్రున తిరిగాయి. 2023 అక్టోబర్ 28, పారిస్ దగ్గర స్టాడ్ ద ఫ్రాన్స్, ఫైనల్. దక్షిణాఫ్రికా 12, న్యూజిలాండ్ 11. కివీస్ కెప్టెన్ శామ్ కేన్ అవతలివాణ్ని పడెయ్యబోతే ఆ దెబ్బ తల దగ్గర తగిలిందని ఎల్లో కార్డు ఇచ్చారు, అంటే పది నిమిషాలు బయట. బయట కూర్చున్న అధికారి వీడియో చూసి దాన్ని రెడ్ చేశాడు, అంటే ఇక లోపలికి రాకూడదు. పురుషుల ప్రపంచ కప్ ఫైనల్లో రెడ్ కార్డు పడటం అదే మొదలు. రెండో సగంలో దక్షిణాఫ్రికా కెప్టెన్ కొలిసీకి ఎల్లో ఎల్లోగానే ఉండిపోయింది. ఆరన్ స్మిత్ ట్రై చేస్తే, అంతకు చాలాసేపటి ముందు లైనౌట్‌లో, అంటే గీత అవతలి నుంచి బంతిని లోపలికి విసిరినప్పుడు, అది చేతికి తగిలి ముందుకెళ్లిందని వీడియో రెఫరీ చెప్పగా ఆ ట్రై కొట్టేశారు. ఈసారి జనం అడిగింది పూర్తిగా తిరగబడింది: వీడియో ఎందుకు చూశారు?

2015లో చూడలేదని తిట్టాం, 2023లో చూశారని తిట్టాం. 'తిట్టాం' అనే అంటున్నాను, నేనేమీ గట్టు మీద కూర్చుని చూడలేదు.

తిట్లు ఎక్కడిదాకా పోయాయంటే, ఆ ఫైనల్ రెఫరీ, అప్పటికి 111 అంతర్జాతీయ మ్యాచ్‌లు నడిపిన వేన్ బార్న్స్ దాంతోనే విజిల్ పక్కన పెట్టి, తన కుటుంబానికి వచ్చిన బెదిరింపుల గురించి బయటికి చెప్పుకోవాల్సి వచ్చింది. వీడియో రెఫరీ టామ్ ఫోలీ అంతర్జాతీయ మ్యాచ్‌ల నుంచి తప్పుకున్నాడు. ఇంగ్లండ్ కెప్టెన్ ఓవెన్ ఫారెల్‌ని అదే టోర్నమెంట్‌లో తెర మీద పేరు కనపడితే చాలు హేళన చేశారు. టోర్నమెంట్ అయిన నెలకి అతను మానసిక ఆరోగ్యం కోసం, ఇంట్లోవాళ్ల కోసం జాతీయ జట్టుకి కొన్నాళ్లు దూరంగా ఉంటానన్నాడు. పెదాల మీద వేలు పెట్టే ముసలాయన ఏ స్టేడియంలో కూర్చోగలడు ఇక?

జనం చెడ్డవాళ్లయిపోయారని చేతులు దులుపుకోవడం సులువు. నా లెక్క వేరు. బంతి కదులుతున్నంతసేపూ ఎవరూ రెఫరీని తిట్టరు, తీరికుండదు. ఆట ఆగుతుంది. పెద్ద తెర మీద అదే దెబ్బని నెమ్మదిగా ఎనిమిదిసార్లు తిప్పి చూపిస్తారు. మన దగ్గరేమో చేతిలో బీరు, నోటినిండా అభిప్రాయం. మూడో రీప్లే దాకా సందేహం, ఐదో దానికి తీర్పు, ఎనిమిదో దానికి కుట్ర. రక్‌లో చూసీ చూడనట్టు వదిలెయ్యాల్సిన ఆటని నిదానంగా చూపిస్తే ప్రతి కుప్పలోనూ నాలుగు నేరాలు దొరుకుతాయి. ఎనభైవేల మంది రెఫరీలు తయారవుతారు. మర్యాద తగ్గిందనీ, ఆట విసుగ్గా ఉందనీ అభిమానులు రెండు ఫిర్యాదులు చేస్తుంటారు. నాకు రెండూ ఒకటే. ఆగిన ఆటలోంచే నోటి దురుసు పుడుతుంది.

ఆట ఆగిపోవడాలకి లోటు లేదు. రక్ వెనక నుంచి బంతిని ఎత్తుగా తన్నే బాక్స్ కిక్ కొట్టేముందు, ఒకడి వెనక ఒకడు గొంగళిపురుగులా బారులు తీరేవాళ్లు. రక్ వెనక బంతి దొరికాక ఐదు సెకన్లలో ఆడాలని రెఫరీ అరుస్తుంటాడు. పెనాల్టీ కిక్‌కి గడియారం పెట్టారు, 60 సెకన్లు. దక్షిణాఫ్రికా బెంచీ మీద ఎనిమిది మందిలో ఏడుగురు భారీకాయుల్ని కూర్చోబెట్టి, రెండో సగంలో తాజా ఒళ్లతో దింపితే సగం మంది మోసమన్నారు, సగం మంది తెలివన్నారు. నేను రెండో సగం. నిబంధన ఇచ్చింది వాడుకోవడం దొంగాట కాదు. కానీ చూడ్డానికి బాగుందా అంటే, లేదు.

అసలు దొంగాటేమిటో తెలియాలంటే 2009 ఏప్రిల్‌కి వెళ్లాలి. లండన్ క్లబ్బు హార్లెక్విన్స్ ఆటగాడు టామ్ విలియమ్స్ మేజోడులో దాచిన ఉత్తుత్తి రక్తం గోలీని నోట్లో కొరికాడు. రక్తం కారితేనే అతని స్థానంలో కిక్కర్ మళ్లీ లోపలికి రావచ్చు, అదీ ఎత్తు. బయటికి వెళ్తూ కన్ను కొట్టాడు. కెమెరా పట్టేసింది. అవతలి ఐర్లండ్ జట్టు లెన్‌స్టర్ 6-5తో ఎలాగూ గెలిచింది. కోచ్ డీన్ రిచర్డ్స్‌కి మూడేళ్ల నిషేధం. ఇదే రిచర్డ్స్ 1988లో ఆటగాడిగా ఉన్నప్పుడు, మ్యాచ్ అయ్యాక స్కాట్లండ్ ఆటగాడితో కలిసి తాగి, ఎడిన్‌బరా వీధుల్లో కలకత్తా కప్పుని బంతిలా తన్ని సొట్టలు పెట్టినవాడు. అవును, కలకత్తా కప్పే. 1878లో కలకత్తా క్లబ్బు మూతపడుతూ, బ్యాంకులో మిగిలిన వెండి రూపాయల్ని కరిగించి నాగుపాము పిడులతో, పైన ఏనుగుతో చేయించి పంపింది. ఇప్పటికీ ఇంగ్లండ్, స్కాట్లండ్ ఆడేది దానికోసమే. మన రూపాయలే సొట్టలు పడ్డాయన్నమాట. పాతరోజుల పెద్దమనుషుల గురించి ఎవరైనా నిట్టూరిస్తే నాకు ఆ ఏనుగు గుర్తొస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం అభిమానులతో నాకు పేచీ. రెడ్ కార్డులు ఆటని పాడు చేస్తున్నాయంటారు. 2003లో ఇంగ్లండ్‌కి ప్రపంచ కప్ తెచ్చిన జట్టులో స్టీవ్ థామ్సన్ ఉన్నాడు. నలభైల్లోనే డిమెన్షియా వచ్చింది. ఆ ఫైనల్ ఆడినట్టు తనకి జ్ఞాపకమే లేదని అతనే చెప్పాడు. మనం రీప్లేలు వేసుకుని ఆనందించే మ్యాచ్, ఆడినవాడికే లేదు. ఐరోపాలో ఆరు దేశాలు ఏటా ఆడే సిక్స్ నేషన్స్‌లో 2025 నుంచి, కొన్ని రెడ్ కార్డులకి 20 నిమిషాల తర్వాత వేరే ఆటగాడిని దింపుకోనిస్తున్నారు. జనం పెట్టిన డబ్బుకి 15 మందీ 15 మందీ ఆడాలి కదా అంటారు. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, కానీ థామ్సన్ మాట విన్నాక తల మీద దెబ్బకి ఈలలు వెయ్యలేను.

ఆనందం అంటే ఏమిటని అడిగితే నేను 2015 బ్రైటన్ చూపిస్తాను. జపాన్ 29, దక్షిణాఫ్రికా 32. సమయం అయిపోయింది, పెనాల్టీ జపాన్‌ది. కిక్ కొడితే డ్రా. దక్షిణాఫ్రికాతో డ్రా అంటే జపాన్‌కి పండగే. కోచ్ ఎడీ జోన్స్ కిక్ కొట్టమన్నాడు. కెప్టెన్ మైకేల్ లీచ్ వినలేదు, స్క్రమ్ తీసుకున్నాడు, అంటే రెండు జట్ల భారీకాయులూ భుజాలు కలిపి బంతి కోసం తోసుకోవడం. 84వ నిమిషంలో కార్న్ హెస్కెత్ బంతితో గీత దాటి మూలలో పడ్డాడు, ట్రై. 34-32. ఓడినవాళ్ల అభిమానులు జపాన్ చొక్కాల వాళ్లని వాటేసుకున్నారు. ఆ కాసేపు రెఫరీ ఎవరో ఎవరికీ గుర్తులేదు.

ఇప్పుడు హైదరాబాద్ హీరోస్ అని మనకీ ఒక జట్టుంది, 2025లో మొదలైన లీగులో. అది ఏడుగురి ఆట, చకచకా అయిపోతుంది, తిట్టుకునే తీరిక తక్కువ. మా అక్కని కూర్చోబెట్టి చూపించాను. రెండో మ్యాచ్‌కే రెఫరీకి సలహాలివ్వడం మొదలెట్టింది.

టీ వచ్చినట్టుంది. ప్రశ్నలుంటే అడగండి. స్క్రమ్ ఎందుకు కూలిపోతుందని మాత్రం అడక్కండి, ఇన్నేళ్లు చూసినా నాకు అంతుపట్టలేదు. ఒక్కోసారి విజిల్ ఊదినాయన ముఖం చూస్తే ఆయనకీ అంతుపట్టినట్టు అనిపించదు.